జిల్లా టగ్ ఆఫ్ వార్ సంఘం: నియమావళి, సమావేశాల నిర్వహణపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జిల్లా స్థాయిలో తాడు లాగుడు సంఘం పెట్టాలనుకునేవారికి, ఉన్న సంఘంలో కొత్తగా కార్యదర్శి బాధ్యత తీసుకున్నవారికి ఈ పేజీ. చట్టం అడిగేది ఏదో, మేం సూచించేది ఏదో చదువుతుంటే తెలిసేలా రాశాం. మైదానంలో గొడవ వస్తే రెఫరీ విజిల్‌తో తేలిపోతుంది. సమావేశంలో వచ్చిన గొడవ మాత్రం కాగితం సరిగ్గా లేకపోతే ఏళ్ల తరబడి సాగుతుంది, మధ్యలో నష్టపోయేది ఆడే పిల్లలు. అందుకే నోటీసు, కోరం (సభ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు), మినిట్స్ (సమావేశం నమోదు) గురించి ఇక్కడ ఎక్కువ చెప్పాం.

సంఘాన్ని రిజిస్టర్ చేయించడానికి ఎంతమంది కావాలి?

కనీసం ఏడుగురు. రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి 35వ చట్టం, అంటే సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుంది. దరఖాస్తు వెళ్లేది జిల్లా రిజిస్ట్రార్ దగ్గరికి. మెమొరాండం (సంఘం స్థాపన పత్రం), బైలాస్ (సంఘం నడిచే నియమాలు), కార్యాలయ చిరునామాకు రుజువు, ఏడుగురి గుర్తింపు కార్డులు సిద్ధం చేసుకోండి. ప్రతి పేజీ మీదా సంతకాలు ఉండేలా చూసుకోండి. పేరులో "నేషనల్", "ఇండియా", "ప్రభుత్వ" లాంటి మాటలు పెడితే అభ్యంతరం వస్తుంది. జిల్లా పేరు, ఆట పేరు, సంఘం అనే మాట ఉంటే చాలు.

రిజిస్ట్రేషన్‌కు ముందే రాష్ట్ర సంఘాన్ని అడగాలా?

అడగాలి. క్లబ్బు పైన జిల్లా, జిల్లా పైన రాష్ట్రం, రాష్ట్రం పైన టగ్ ఆఫ్ వార్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, దాని పైన 1960లో ఏర్పడిన టగ్ ఆఫ్ వార్ ఇంటర్నేషనల్ ఫెడరేషన్, ఇదీ వరుస. రిజిస్ట్రార్ ఇచ్చే సర్టిఫికెట్ మిమ్మల్ని చట్టబద్ధమైన సొసైటీని చేస్తుంది కానీ, మీ జట్టును రాష్ట్ర పోటీలకు పంపే హక్కు ఇవ్వదు. ఆ హక్కు రాష్ట్ర సంఘం ఇచ్చే అనుబంధంతో (గుర్తింపుతో) వస్తుంది. ఒకే జిల్లాలో రెండు సంఘాలు రిజిస్టర్ అయితే, పిల్లల సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిదన్న తగాదా మొదలవుతుంది. ముందే ఉత్తరం రాసి, జవాబు చేతికి వచ్చాకే బైలాస్ ఖరారు చేయండి. పైసంఘం నియమాలకు విరుద్ధమైన వాక్యం ఏదైనా ఉంటే అప్పుడే తీసేయొచ్చు.

మెమొరాండంలో ఏం రాయాలి, బైలాస్‌లో ఏం రాయాలి?

మెమొరాండంలో సంఘం పేరు, చిరునామా, ఆశయాలు, తొలి కార్యవర్గం వివరాలు. బైలాస్‌లో సభ్యత్వం, చందా, సమావేశాలు, కోరం, ఎన్నికలు, పదవుల అధికారాలు, లెక్కలు, క్రమశిక్షణ, సవరణ, రద్దు.

తరచుగా జరిగే తప్పేమిటంటే, పోటీ నియమాలన్నీ తెచ్చి బైలాస్‌లో కూర్చడం. తాడు మందం, బూటు మడమ, బరువు తరగతులు అంతర్జాతీయ ఫెడరేషన్ మార్చినప్పుడల్లా మీరు సర్వసభ్య సమావేశం పెట్టి బైలాస్ సవరించి రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాల్సి వస్తుంది. దానికి బదులు ఒక్క వాక్యం చాలు: "సంఘం నిర్వహించే పోటీలకు అంతర్జాతీయ ఫెడరేషన్ అమల్లో ఉంచిన నియమాలు వర్తిస్తాయి, స్థానిక మార్పులుంటే సాంకేతిక కమిటీ పోటీ ప్రకటనలోనే రాసి ప్రకటిస్తుంది."

"అమెచ్యూర్" అన్న మాటకు నిర్వచనం రాయాలా?

రాయాలి, కానీ కఠినంగా రాయొద్దు. "డబ్బు తీసుకున్నవారు అనర్హులు" అని రాస్తే జాతరలో, సంక్రాంతి పోటీల్లో నగదు బహుమతి అందుకున్న ప్రతి కుర్రాడూ అనర్హుడైపోతాడు. ఆ ఊళ్ల నుంచే మనకు మంచి లాగుడుగాళ్లు వస్తారు. "లాగడమే జీవనోపాధిగా జీతం తీసుకోనివారు" అని రాయండి. ప్రయాణ ఖర్చు, భోజన భత్యం, జట్టుకు ఇచ్చే బహుమతి సొమ్ము జీతం కిందికి రావని పక్కనే చేర్చండి. వ్యాయామ ఉపాధ్యాయులు, కోచ్‌లు ఆడొచ్చా అన్న ప్రశ్నకు కూడా అక్కడే జవాబు ఉండాలి.

సభ్యత్వం వ్యక్తులకు ఇవ్వాలా, క్లబ్బులకా?

ఓటు హక్కు క్లబ్బులకు ఇవ్వడమే మంచిదని మా అభిప్రాయం. వ్యక్తులకు ఓటుంటే ఎన్నికల ముందు నెలలో వందమంది చందా కట్టి చేరిపోతారు. క్లబ్బుకే ఓటు ఇచ్చినా కాగితం మీద క్లబ్బులు పుట్టుకొస్తాయి కాబట్టి రెండు షరతులు పెట్టండి. గత పన్నెండు నెలల్లో జిల్లా పోటీల్లో కనీసం ఒక్కసారైనా ఎనిమిది మందితో జట్టును దింపి ఉండాలి. ఎన్నికల తేదీకి 90 రోజుల ముందే ఆ ఏడాది చందా కట్టి ఉండాలి. ఒక క్లబ్బుకు ఒక ఓటు. ప్రతినిధి పేరు క్లబ్బు లెటర్‌హెడ్ మీద, సమావేశానికి కనీసం రెండు రోజుల ముందు కార్యదర్శికి చేరాలి. ఒకే వ్యక్తి రెండు క్లబ్బుల తరఫున ఓటు వేయకూడదని విడిగా రాయండి.

కార్యవర్గం ఎంత పెద్దదిగా ఉండాలి?

తొమ్మిది లేదా పదకొండు మంది సరిపోతారు. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, కోశాధికారి, మిగతావారు సభ్యులు. వారిలో కనీసం ఇద్దరు మహిళలు, ప్రస్తుతం ఆడుతున్న క్రీడాకారులు ఒకరు ఉండాలని నియమం పెట్టండి. పదవీకాలం నాలుగేళ్లు పెడితే పైసంఘాల ఎన్నికలతో కలిసి వస్తుంది. కార్యదర్శి, కోశాధికారి వరుసగా రెండుసార్లకు మించి ఉండకూడదన్న పద్ధతి జాతీయ క్రీడాభివృద్ధి నియమావళి 2011లో జాతీయ సంఘాలకు ఉండేది. జిల్లా సంఘం కూడా దాన్ని పాటిస్తే మంచిది.

సర్వసభ్య సమావేశానికి నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి?

21 పూర్తి రోజులు పెట్టుకోండి. "పూర్తి రోజులు" అంటే నోటీసు పంపిన రోజు, సమావేశం రోజు రెండూ లెక్కలోకి రావు. జూన్ 30న సమావేశమైతే నోటీసు జూన్ 8 కల్లా వెళ్లిపోవాలి. 9న పంపితే ఒక రోజు తక్కువ. ఓడిపోయిన వర్గం కోర్టుకెళ్తే మొదట అడిగేది ఈ ఒక్క రోజు గురించే.

నోటీసులో తేదీ, సమయం, స్థలం, ఎజెండా ఉండాలి. బైలాస్ సవరణ ఉంటే పాత వాక్యం, కొత్త వాక్యం పక్కపక్కన అచ్చువేసి జతచేయాలి. "బైలాస్ సవరణపై చర్చ" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే అది నోటీసు కాదు.

వాట్సాప్‌లో పంపితే చెల్లుతుందా? బైలాస్‌లో ఆ మార్గం రాసి ఉంటే చెల్లుతుందని వాదించగలరు, రాయకపోతే కష్టం. క్లబ్బు రిజిస్టర్‌లో నమోదైన ఫోన్ నంబరుకు, ఈమెయిల్‌కు పంపొచ్చని రాసుకోండి. గ్రూపులో పెట్టడాన్ని మాత్రం నోటీసుగా లెక్కించొద్దు. గ్రూపు నుంచి ఎవరు ఎప్పుడు బయటికెళ్లారో, ఎవరిని ఎవరు తీసేశారో తర్వాత రుజువు చేయడం ఎవరివల్లా కాదు. ఎన్నికలున్న ఏడాది స్పీడ్ పోస్టులో కూడా పంపి రశీదులు ఫైల్లో కుట్టిపెట్టండి.

ఎజెండా ఏ వరుసలో ఉండాలి?

హాజరు, కోరం నమోదు, గత సమావేశం మినిట్స్ ఆమోదం, మినిట్స్‌పై తీసుకున్న చర్యలు, కార్యదర్శి నివేదిక, ఆడిట్ అయిన లెక్కలు, వచ్చే ఏడాది బడ్జెట్, పోటీల క్యాలెండర్, సవరణలు, ఎన్నిక, ఇతర అంశాలు. లెక్కలు ఆమోదం పొందకముందే ఎన్నిక పెట్టకండి. దిగిపోయే కోశాధికారి ఎన్నిక అయ్యాక సభలో కూర్చోడు.

"అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" అన్న చివరి అంశం కింద డబ్బు ఖర్చు, సభ్యుల తొలగింపు, సవరణ, అవిశ్వాసం తీసుకోకూడదని బైలాస్‌లోనే రాయండి. నోటీసు చూసి "ఏముందిలే" అని రాని క్లబ్బుకు వెనక నుంచి దెబ్బ తగలకూడదు కదా.

కోరం ఎలా లెక్కపెట్టాలి?

మొత్తం ఓటు హక్కున్న క్లబ్బుల్లో మూడింట ఒకవంతు అనుకుందాం. 23 క్లబ్బులుంటే 7.66 వస్తుంది. భిన్నం వస్తే పైసంఖ్య తీసుకోవాలని రాసి ఉంటే 8. రాయకపోతే ఏడా, ఎనిమిదా అన్న వాదన అక్కడే మొదలు. చందా బకాయి ఉన్న క్లబ్బును 23లో కలపాలా వద్దా అన్నదీ ముందే తేల్చుకోండి. ఓటు లేనివారిని హాజరు లెక్కలోనూ, మొత్తం క్లబ్బుల లెక్కలోనూ కలపకపోవడమే సబబు.

అరగంట దాకా కోరం రాకపోతే సభ వాయిదా. వాయిదా పడిన సమావేశానికి కోరం అక్కర్లేదని చాలా బైలాస్‌లలో ఉంటుంది. దీన్ని కొందరు అదే రోజు, అదే గదిలో, అరగంట తర్వాత పెట్టేస్తారు. మామూలు విషయాలకు పర్వాలేదు కానీ ఎన్నికకు, సవరణకు ఇది వద్దు. వాటికి కనీసం ఏడు రోజుల వ్యవధి, కొత్త నోటీసు, కనీసం అయిదు క్లబ్బుల హాజరు ఉండాలి. మధ్యలో కొన్ని క్లబ్బులు లేచి వెళ్లిపోతే ఎవరైనా లెక్క అడగొచ్చు. అడిగిన వెంటనే అధ్యక్షుడు లెక్కపెట్టించి, సమయం మినిట్స్‌లో రాయించాలి.

తీర్మానం నెగ్గిందా లేదా అన్నది ఎలా తేలుతుంది?

ఒకరు ప్రతిపాదించాలి, వేరొకరు బలపరచాలి, చర్చ జరగాలి, సవరణలుంటే ముందు వాటిపై ఓటు, ఆ తర్వాత అసలు తీర్మానంపై ఓటు. ఈ వరుస తప్పితే ఎవరు దేనికి ఓటేశారో వాళ్లకే తెలియదు.

బైలాస్‌లో "హాజరై ఓటు వేసినవారిలో మెజారిటీ" అని ఉందా, "హాజరైనవారిలో మెజారిటీ" అని ఉందా చూసుకోండి. 20 క్లబ్బులు హాజరయ్యాయి. 9 అనుకూలం, 8 వ్యతిరేకం, 3 తటస్థం. మొదటి వాక్యం ప్రకారం తీర్మానం నెగ్గింది. రెండో వాక్యం ప్రకారం 11 కావాలి కాబట్టి వీగిపోయింది. మామూలు తీర్మానాలకు మొదటిది, సవరణకు మూడింట రెండొంతులు పెట్టుకుంటే పని సాగుతుంది. ఓట్లు సమానమైతే అధ్యక్షుడికి నిర్ణాయక ఓటు ఇవ్వాలా అన్నది మీ ఇష్టం. ఇస్తే తీర్మానాలకే ఇవ్వండి, ఎన్నికల్లో వద్దు. అక్కడ చీటీ తీయండి.

మినిట్స్‌లో ఏమేం ఉండాలి?

పేజీ నంబర్లు ముందే అచ్చువేసిన, బైండు చేసిన పుస్తకం వాడండి. విడి కాగితాలు వద్దు. సమావేశం మొదలైన సమయం, ముగిసిన సమయం, హాజరైన క్లబ్బులు, ప్రతినిధుల సంతకాలు, ప్రతి తీర్మానం పూర్తి పాఠం, ప్రతిపాదించినవారు, బలపరచినవారు, ఓట్ల సంఖ్య. ఎవరు ఏం మాట్లాడారన్నది అక్కర్లేదు. అసమ్మతి నమోదు చేయమని ఎవరైనా అడిగితే మాత్రం ఒక వాక్యంలో రాయాల్సిందే.

రెండు తీర్మానాల మధ్య ఖాళీ గీతలు వదలొద్దు. తర్వాత ఎవరో నింపారన్న అనుమానానికి అదే చోటు. తప్పు రాస్తే వైట్‌నర్ పెట్టకుండా ఒక్క గీతతో కొట్టేసి పక్కన సంతకం చేయండి.

బ్యాంకు ఖాతాకు సంతకాలు మార్చాలంటే తీర్మానం ధృవీకృత నకలు అడుగుతారు. "కొత్త కార్యవర్గానికి బ్యాంకు లావాదేవీల అధికారం ఇవ్వడమైనది" అని రాస్తే తిప్పి పంపేస్తారు. ఖాతా నంబరు, తొలగించే పేర్లు, చేర్చే పేర్లు, "కోశాధికారి సంతకం తప్పనిసరి, అధ్యక్షుడు లేదా కార్యదర్శిలో ఒకరి సంతకం" అన్న పద్ధతి, అన్నీ తీర్మానంలోనే ఉండాలి.

సమావేశం అయ్యాక రిజిస్ట్రార్‌కు ఏం పంపాలి?

కార్యవర్గం జాబితా, ఆడిట్ అయిన లెక్కలు సమావేశం తేదీ నుంచి 15 రోజుల్లోపు దాఖలు చేయండి. కొత్తగా ఎన్నికైనవారి పేర్లు రిజిస్ట్రార్ రికార్డులోకి ఎక్కకపోతే బ్యాంకు నుంచి క్రీడా శాఖ దాకా ప్రతి చోటా పాత పేర్లే కనిపిస్తాయి. కొన్నేళ్లు వరుసగా దాఖలు చేయని సంఘంలో చీలిక వస్తే ఎవరు అసలు కార్యవర్గమో చెప్పడానికి ఆధారమే ఉండదు. బైలాస్ సవరణ కూడా అంతే. రికార్డులోకి ఎక్కేదాకా పాత నియమం ప్రకారమే నడవండి.

ఎన్నిక ఎవరు జరపాలి?

పోటీలో లేని, ఏ క్లబ్బుకూ చెందని రిటర్నింగ్ అధికారి. రిటైరైన ఉపాధ్యాయులు, న్యాయవాదులు ఒప్పుకుంటారు. ఓటర్ల జాబితా 15 రోజుల ముందు ప్రకటించి, అభ్యంతరాలకు మూడు రోజులు ఇచ్చి, ఆ తర్వాతే నామినేషన్లు. రాష్ట్ర సంఘం పరిశీలకుడికి నోటీసు పంపడం మర్చిపోవద్దు. పరిశీలకుడు లేని ఎన్నికను పైసంఘం గుర్తించకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. ఏకగ్రీవమైనా నామినేషన్ పత్రాలు భద్రపరచండి.

కార్యదర్శి సమావేశమే పెట్టకపోతే?

ఓటున్న క్లబ్బుల్లో మూడింట ఒకవంతు సంతకాలతో లిఖితపూర్వకంగా కోరితే 30 రోజుల్లో ప్రత్యేక సమావేశం పెట్టాలని, పెట్టకపోతే సంతకాలు చేసినవారే పెట్టుకోవచ్చని బైలాస్‌లో రాయండి. ఈ వాక్యం లేని సంఘంలో సభ్యులకు మిగిలే దారి చట్టంలోని 23వ సెక్షన్. దాని ప్రకారం సభ్యులు మధ్యవర్తిత్వానికి వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు చేసుకోవచ్చు. రెండూ ఖర్చుతో, ఆలస్యంతో కూడినవే.

పోటీకి ముందు జరిగే మేనేజర్ల సమావేశంలో ఏం తేల్చాలి?

పావుగంట సమావేశమే కానీ, ఆ రోజు రాగల గొడవల్లో చాలావాటిని ఇదే ఆపుతుంది. డ్రా అందరి ముందు తీయాలి. పద్ధతి చెప్పాలి: లీగ్‌లో రెండు లాగుళ్లు, 2-0 గెలిస్తే మూడు పాయింట్లు, 1-1 అయితే చెరొకటి, నాకౌట్‌లో మూడింట రెండు. పాయింట్లు సమానమైతే దేన్ని ముందు చూస్తారో వరుసగా రాసి గోడకు అంటించాలి.

తాడును అందరికీ చూపించండి. చుట్టుకొలత 10 నుంచి 12.5 సెంటీమీటర్లు, పొడవు కనీసం 33.5 మీటర్లు, ముడులు, ఉచ్చులు ఉండకూడదు. మధ్యలో ఒక గుర్తు, దానికి రెండు వైపులా 4 మీటర్ల దగ్గర తెల్ల గుర్తులు, 5 మీటర్ల దగ్గర మరో రంగు గుర్తులు. మైదానం మీద మధ్య గీత ఒక్కటే. ప్రత్యర్థి వైపు తెల్ల గుర్తు ఆ గీత దాటితే లాగుడు గెలిచినట్టు. మొదటి లాగుడుగాడు బయటి గుర్తు వెనక 30 సెంటీమీటర్లలోపే పట్టు పట్టాలి. టేపు గుర్తులు చెమటకు, మట్టికి జారిపోతాయి. కాబట్టి ప్రతి రౌండ్ ముందూ లైన్ జడ్జి కొలిచి చూడాలని అక్కడే ఒప్పుకోండి.

హెచ్చరికల సంగతి కొత్త మేనేజర్లకు విడమరిచి చెప్పాలి. కావాలని కూర్చోవడం, పాదాలు కాక శరీరంలో మరో భాగం నేలకు ఆనించడం, తాడును శరీరానికి అదిమి జారకుండా బిగించడం, చేతులు మార్చుకుంటూ తాడు పాకడం, ఇవన్నీ తప్పులే. ఒక లాగుడులో రెండు హెచ్చరికల దాకా సహిస్తారు, ఆపైన జట్టు ఆ లాగుడు పోగొట్టుకుంటుంది. యాంకర్ (జట్టులో అందరికంటే చివర తాడు పట్టేవాడు) తాడును చంక కింద నుంచి వీపు మీదుగా ఎదుటి భుజం పైకి తెచ్చుకోవాలి. నడుముకు కట్టుకోవడం, ముడి వేయడం నిషేధం. ఊరి పోటీల నుంచి వచ్చిన జట్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

తూకం ఎలా నిర్వహించాలి?

640 కిలోల తరగతి అంటే ఎనిమిది మంది మొత్తం 640 దాటకూడదు, సగటున మనిషికి 80. ఒకే కాటా మీద, ఇద్దరు అధికారుల ముందు, గుర్తింపు కార్డు చూసి తూచాలి. ఉదయమే తెలిసిన బరువు రాయి పెట్టి కాటాను సరిచూసి, ఆ మాట రిజిస్టర్‌లో రాయండి. తూగినవారి చేతి మీద లేదా కాలి మీద చెరగని స్టాంపు వేస్తే, తూగినవాడు ఒకడు, లాగేవాడు ఇంకొకడు అయ్యే అవకాశం ఉండదు. సబ్‌స్టిట్యూట్‌ను కూడా తూచండి. ఏ ఎనిమిది మంది తాడు పట్టినా మొత్తం తరగతి దాటకూడదని పోటీ ప్రకటనలో ఉంచండి.

అభ్యంతరం ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలి?

హెచ్చరికలు, గెలుపోటములపై రెఫరీ మాటే చివరిది. వాటిపై అభ్యంతరం తీసుకోవద్దు. వయసు, బరువు, క్లబ్బు అర్హత, బూట్లపై మాత్రం ముగ్గురు సభ్యుల జ్యూరీ వినాలి. ఆ ముగ్గురిలో ఆ మ్యాచ్ ఆడిన క్లబ్బులవారు ఉండకూడదు. మ్యాచ్ ముగిసిన 30 నిమిషాల్లో, లిఖితపూర్వకంగా, చిన్న రుసుముతో తీసుకోండి. అభ్యంతరం నిలిస్తే రుసుము వాపసు.

బూట్ల తనిఖీ తూకం దగ్గరే అయిపోవాలి. 1908 లండన్ ఒలింపిక్స్‌లో లివర్‌పూల్ పోలీసు జట్టు వేసుకున్న బూట్లపై అమెరికా జట్టు అభ్యంతరం చెప్పింది. అది చెల్లలేదు, అమెరికావారు పోటీ నుంచి తప్పుకున్నారు. శతాబ్దం దాటినా ఆ వివాదాన్ని చెప్పుకుంటూనే ఉన్నారు. మడమ పక్కన లోహపు పలక 6.5 మిల్లీమీటర్లు మించకూడదు, అడుగుతో సమంగా ఉండాలి, మేకులు, పొడుచుకొచ్చిన ముళ్లు ఉండకూడదు.

వేలమందితో ప్రదర్శనగా తాడు లాగిస్తామని ఎవరైనా అడిగితే సంఘం పేరు ఇవ్వొచ్చా?

సాంకేతిక కమిటీ లిఖిత ఆమోదం లేకుండా ఇవ్వకూడదని తీర్మానం చేసి ఉంచండి. 1997 అక్టోబర్ 25న తైపేలో 1,600 మందికి పైగా కలిసి లాగుతుంటే నైలాన్ తాడు తెగింది. సాగిన నైలాన్ వెనక్కి కొట్టిన దెబ్బకు ఇద్దరి ఎడమ చేతులు తెగిపోయాయి. నైలాన్ సాగి శక్తిని దాచుకుంటుంది, తెగినప్పుడు అదంతా ఒక్కసారిగా వదులుతుంది. ఎంతమంది లాగుతారో దాన్నిబట్టి తాడు ఎంత బరువు భరించాలో నిపుణులు లెక్కకట్టి చెప్పాలి. చేతికి తాడు చుట్టుకోవడం ఎక్కడైనా, ఎప్పుడైనా నిషేధం. పాఠశాల పోటీల్లో ఇది పిల్లలకు మైకులో పదేపదే చెప్పించండి.

క్రమశిక్షణ చర్య ఎలా తీసుకోవాలి?

ఆరోపణ రాతలో ఇవ్వాలి, జవాబుకు 15 రోజులు ఇవ్వాలి, విచారణ కమిటీ ముందు మాట్లాడనివ్వాలి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి, అప్పీలుకు 30 రోజులు ఇవ్వాలి. ఫిర్యాదు చేసినవారు కమిటీలో ఉండకూడదు. డోపింగ్ కేసులు మీ పరిధిలోవి కావు, జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ చూసుకుంటుంది. మైనర్లపై వేధింపుల ఫిర్యాదు వస్తే సంఘంలో సర్దుబాటుకు కూర్చోకుండా ముందు పోలీసులకు చెప్పండి.

సంఘాన్ని మూసేస్తే ఆస్తులు ఎవరికి?

సభ్యులు పంచుకోకూడదు. అప్పులు తీర్చాక మిగిలింది ఇదే ఆశయమున్న మరో సొసైటీకి వెళ్లేలా బైలాస్‌లో రాసుకోండి.

కార్యదర్శి మారినప్పుడు ఏమేం అప్పగించాలి?

ఎన్నికైన ఏడు రోజుల్లో, ఇద్దరు సాక్షుల ముందు, జాబితా రాసి సంతకాలతో: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అసలు, ముద్ర వేసిన బైలాస్, అనుబంధ పత్రం, మినిట్స్ పుస్తకాలన్నీ, క్లబ్బుల రిజిస్టర్, రశీదు పుస్తకాలు (వాడనివి కూడా, నంబర్లతో), నగదు పుస్తకం, చెక్కు పుస్తకం, పాన్ కార్డు, సంఘం స్టాంపు, ఈమెయిల్ పాస్‌వర్డు, సర్టిఫికెట్ల జారీ రిజిస్టర్, తాళ్లు, కాటా, జెండాలు. తాడు అప్పగించేటప్పుడు పొడవు కొలిచి, నూలు తెగిన చోట్లు చూసి, జాబితాలో దాని స్థితి రాయండి.